సంతకం లేని అర్జీ

ఉదయగిరి,
18-9-1997.

కొండమ్మకు,

నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాకు ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. సర్పంచ్‌వని నీ మీద ఎవరో అర్జీ పెట్టారనీ, సోమవారం ఆఫీసరు విచారణకు వస్తున్నాడనీ వార్డు మెంబరు సిద్ధయ్య మా బడికి ఫోన్ చేసి చెప్పాడు. ఏ ఆకాశరామన్న పనో అని నువ్వు అనుకుంటూ ఉంటావు. ఆ ఆకాశరామన్న నేనే.

ఎందుకంటే కుళ్లు. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చించాను. ఆడవాళ్ల సీటు అయిందని నిన్ను నిలబెట్టింది నేను. వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసేదానివి. పంచాయతీ ఆఫీసులో నేను నీ కుర్చీలో కూర్చుంటే నువ్వు గడప దగ్గర నిలబడేదానివి. అన్ని ఊళ్లలోనూ అంతే కదా, అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. నన్ను ఇక్కడికి బదిలీ చేశాక అంతా తిరగబడింది.

ఆత్మకూరు టౌను పెరుగుతూ మన ఊరి దాకా వచ్చింది. చెరువుకు నీళ్లు తెచ్చే వంక పూడ్చి ప్లాట్లు వేస్తే నేనూ ఒకటి కొని ప్రహరీ కట్టించాను. వానలు మునుపట్లా లేవు, ఏడాదంతా మొహం చాటేసి ఒక్క రోజులో ఊరిని ముంచుతున్నాయి, వంక తెరవకపోతే వీధులు మునుగుతాయి, చెరువు ఎండుతుంది అని నువ్వు మీటింగులో చెప్పావట. ఈ మాటలు నీకెవరు నేర్పారా అని వారం రోజులు ఆలోచించాను. నేనైతే నేర్పలేదు.

ఒకరోజు స్టాఫ్‌రూములో పేపరు తెరిస్తే, వంకలో పార పట్టుకుని నువ్వు. హెడ్మాస్టరు రామనారాయణ గారు ఈమె భర్త మన ప్రసాదే అని అందరికీ చూపించారు. నవ్వాను. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

పోయిన నెల మీటింగుకు వచ్చి అలవాటు కొద్దీ కుర్చీలో కూర్చున్నాను. సిద్ధయ్య, "సారూ, అది మేడం కుర్చీ. మీరిట్టొచ్చి కూర్చోండి" అన్నాడు. నువ్వేమైనా అంటావని చూశాను. వంక మ్యాపు చూసుకుంటూ తలెత్తలేదు. ఉదయగిరి వచ్చీ రాగానే గది తలుపేసుకుని రాశాను. సర్పంచ్ వంకలో ఉన్న ఊళ్లోవాళ్ల గోడలు కొట్టిస్తానంటూ తన గోడ మాత్రం కాపాడుకుంటోంది, ఆమెను తీసెయ్యాలి అని. పోస్టు డబ్బాలో వేశాక, నీ దగ్గర దాచను, రెండు రోజులు హాయిగా ఉంది.

ఇప్పుడు నీ పదవి పోతుందేమోనని భయంగా ఉంది. రమ్మంటే వచ్చి ఆఫీసరు ముందు ఒప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోయింది.

నీ
పెంచలప్రసాద్


ఆత్మకూరు (పోస్టు),
25-9-1997.

మాస్టారికి,

మీ ఉత్తరం మంగళవారం అందింది. ఆఫీసరు సోమవారమే వచ్చి వెళ్లాడు.

అందరినీ కూర్చోబెట్టి అర్జీ చదివించాడు. తర్వాత నేను రాసుకున్న తీర్మానాల పుస్తకం దాని పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఏందమ్మా, నీ మీద నువ్వే అర్జీ పెట్టుకున్నావా?" అన్నాడు. జనం నవ్వారు. నేనూ చూశాను. అచ్చం నా రాతే. మూడో తరగతిలో బడి మానిన దాన్ని, పెళ్లయ్యాక పలక మీద దిద్దించి రాయడం నేర్పింది మీరు. నాకు వేరే రాత ఎక్కడిది?

మీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. చెప్తే మీ ఉద్యోగం పోతుంది.

"నేనే రాసినాను సార్. మా సారంటే అందరికీ మొహమాటం. విచారణ వస్తేగానీ మా గోడ పడదు" అన్నాను.

అబద్ధమాడినందుకు బాధ లేదు, ఎందుకంటే మీరు రాసింది నిజం. కొట్టేయాల్సిన పది గోడలకు సున్నంతో గుర్తులు పెట్టించి, మన గోడ దగ్గర ఆగిపోయాను. మీరేమంటారోనని భయం. ఆ సాయంత్రమే దాన్ని పడగొట్టించాను. మొదటి పలుగుపోటు నాదే. తన గోడ ముట్టుకుంటే కోర్టుకు పోతానన్న చెంచయ్య అది చూసి తన గోడ తనే తీసేశాడు. నిన్నటి వానకు వంక మన ప్లాటు మీదుగా పారి చెరువులో కలిసింది. ఒక్క వీధి కూడా మునగలేదు.

కుళ్లు అని రాశారు. చదివి కోపంతో ఏడ్చాను. ఆ రోజు తలెత్తకపోవడం కావాలనే చేశాను. ఎత్తి మీ మొహం చూస్తే కుర్చీ మీకే వదిలేసేదాన్నేమో.

శనివారం రండి. ఎవరి ముందూ ఏమీ ఒప్పుకోవద్దు. ఇంకోసారి నా మీద చెప్పాల్సింది ఉంటే కింద సంతకం పెట్టి రాయండి. దాన్నీ మీటింగులో చదివిస్తాను.

మీ
మాలకొండమ్మ