చిక్కటి నీళ్లు

7 ఏప్రిల్ 2025, సోమవారం

ముందు అందరి సంగతి. ఆయనకు జ్వరం లేదు. కుడి చెయ్యి ఇంకా లేవలేదు, మాట ముద్దగానే ఉంది. మా తిప్పేష్‌కు ఆటో తోలి తోలి నడుం పట్టేసింది. కోడలు జయంతికి దగ్గు తగ్గింది. వజ్రకరూరులో మా ఆడబిడ్డ హనుమంతమ్మ వదినకు మోకాళ్లు ఎప్పటిలాగే. నాకు గుండె దడ. అది పెళ్లయినప్పటి నుంచీ ఉన్నదే, లెక్కలోకి రాదు.

ఆయన ముక్కులో పైపు తీసి ఇంటికి పంపి పన్నెండు రోజులు. స్ట్రోక్ వచ్చిన గొంతు పలచటి వాటిని పట్టుకోలేదట. ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయట. ఆసుపత్రిలో మింగడం నేర్పే హేమ మేడమ్ చెప్పింది. నీళ్లు, పాలు, మజ్జిగ, పప్పుకట్టు, ఏదైనా పౌడర్ కలిపి చిక్కబరచాలి. చెంచా వంచితే తేనెలా జారాలి. గ్లాసుకు రెండు స్పూన్లు.

డబ్బా తొమ్మిదొందలు. వారం కూడా రాదు. తిప్పేష్ ధర చూసి ఏమీ అనలేదు. అదే నాకు భయం.

11 ఏప్రిల్

వదిన వచ్చింది. ఎండ మండిపోతోంది. ఆయన బిందె వైపే చూస్తున్నాడు. ఏమే, దావన పోయేటోడు అడిగినా ఈ పక్క నీళ్లు లేవనరు, నా తమ్మునికి జిగురు తాపుతాండావా, పిడికిలంత సంగటి ముద్ద నమలకుండా మింగినోడు వాడు, నీళ్లు మింగలేడా అని వాకిట్లోనే అరిచింది. వీధంతా విన్నది.

పౌడర్ కలపడానికి లోపలికి వెళ్లాను. డబ్బా అడుగు కనిపిస్తోంది.

12 ఏప్రిల్, మధ్యాహ్నం

రెండు స్పూన్లకు బదులు ఒకటే వేశాను. ఆయనకూ నీళ్లు నీళ్లలా ఉంటాయి, డబ్బా కూడా ఇంకో నాలుగు రోజులు వస్తుంది. తాగి హాయిగా కళ్లు మూసుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు. అంతే. ఎవరికీ చెప్పలేదు.

15 ఏప్రిల్

జ్వరం.

23 ఏప్రిల్, ఆసుపత్రిలో

న్యుమోనియా. ఎనిమిది రోజులు. మళ్లీ పైపు పెట్టారు, నిన్న తీశారు.

నేనే చేశానని హేమ మేడమ్‌కు చెప్పేశాను. తిట్టలేదు. ఇంకోసారి ఇలా అయితే పైపు నేరుగా కడుపులోకే వేస్తారు, ఇక నోటితో తినడం ఉండకపోవచ్చు అంది. తిట్టినా బాగుండేది.

తిప్పేష్ గోడ వైపు తిరిగి, ఏమ్మా, నన్ను అడిగింటే ఇంకో డబ్బా తెస్తాంటి కదా అన్నాడు. మందులు, పరీక్షలు, ఆటో ఆగిన రోజులు అన్నీ కలిపి పద్దెనిమిది వేలు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై డబ్బాలు. నేను మిగిల్చింది రెండొందలు.

ఏడ్చింది చాలు. ఆ కడుపులో పైపు నా చేతుల మీదుగా రానివ్వను.

25 ఏప్రిల్

మొన్న మేడమ్‌ను అడిగాను. అన్నిటికీ పౌడరే కావాలా, రాగి జావ చిక్కగా కాస్తే కాదా అని. తెచ్చి చూపించు అంది. నిన్న జయంతి ఫ్లాస్కులో తెచ్చింది. మేడమ్ చెంచాతో వెతికి ఉండలు చూపించి వద్దంది. ఈరోజు పలచటి గుడ్డలో వడగట్టి తెచ్చాం. చెంచా వంచింది. తేనెలా జారింది. తాగించి, గొంతు మీద వేలు పెట్టి చూసి, సరే అంది.

గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టాలి. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచకూడదు, జావ పలచబడిపోతుందట. ప్రతిసారీ చెంచా వంచి చూడాలి. నీళ్లకు, మజ్జిగకు మాత్రం పౌడరే. రెండు స్పూన్లు. స్పూను నిండా, తలకొట్టి.

4 మే

ఇంటికి వచ్చేశాం. కొత్త డబ్బా తెరిచి పదో రోజు. ఇంకా ఉంది.

9 మే

వదిన చెంబుతో మజ్జిగ తెచ్చింది. పలచగా, నీళ్లలా. నేను బతికుండంగానే నా చేత్తో తమ్మునికి తాపాల అంటూ నేరుగా మంచం దగ్గరికి పోయింది. చెంబు లాక్కుని అంతా నేనే తాగేశాను. గడ్డం మీదుగా రొమ్ము మీదకు కారింది.

ఎంత కావరమే నీకు, కాపురానికి వచ్చిన కొత్తల్లో నా ముందర నోరెత్తినావా అంది. అప్పుడు మీ తమ్ముడు బాగుండె వదినా, ఇప్పుడు ఈ మంచం కాడ నా మాటే అన్నాను. మాట వణకలేదు.

ఆమె వెళ్లిపోతుందనుకున్నాను. కూర్చుంది. ఇంట్లో ఉన్న మజ్జిగ గ్లాసులో పోసి, పౌడర్ కలిపి ఆమె చేతికే చెంచా ఇచ్చాను. గడ్డం కిందికి వంచాలి, ఒక్కో చెంచా, మింగాకే ఇంకొకటి అని చెప్పాను. పదిహేడు చెంచాలు పెట్టింది. ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు. చివర్లో తను కూడా వేరే చెంచాతో రుచి చూసి, థూ, ఎట్లా తాగుతాండాడే వీడు అంది. జయంతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నోరు కూడా ఒక పక్కకు కదిలింది. రెండో పక్క ఇంకా రాదు.

14 మే

మేడమ్ ఫోన్ చేసింది. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు తన ఎదురుగా మామూలు నీళ్లు ఒక్క చెంచా పోసి చూస్తుందట. పౌడర్ లేకుండా. ఆయనకు చెప్పాను. వెంటనే నోరు తెరిచాడు.

ఇప్పుడు కాదయ్యా. 26, సోమవారం, పొద్దున తొమ్మిదికి.