లత పెట్టిన పెద్ద బ్యాటరీ

తమ్మీ,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఇది నువ్వు చదవవని ఎరుకే. అయినా నీ పెండ్లాం లత చేసిన పని నీకు చెప్పకుంటె నా మనసు ఆగుతలేదు.

నువ్వు చేసిన చిన్న రిమోట్ లారీ బొమ్మ జరసేపు ఉరికి ఆగిపోతుండె. "పెద్ద బ్యాటరీ పట్టే జాగ లేదక్కా" అని నువ్వు పరేషాన్ అవుతుంటివి. పోయిన వారం నేను నస్పూర్ల మీ ఇంటికి పోతె, లత దాన్ని విప్పి ముందటేసుకొని కూసున్నది. ఆ ఛాసి, లారీ అడుగు చట్రం, నీ చేత్తోని చేసింది కదా.

"చెడిపోతదేమో పిల్లా."

"చెడిపోతె మళ్ల చేస్త వదినె."

ఛాసి నడుమ అడ్డమున్న రేకును బ్లేడుతోని కోసింది. జాగ దొరికింది గని ఛాసి వంగవట్టింది. రెండు దిక్కుల అల్యూమినియం పట్టీలు బిగించింది. బ్యాటరీ బరువు ఎనుకకు పడి ముందటి చక్రాలు లేస్తున్నయని, అంతా విప్పి దాన్ని ముందటికి జరిపింది. ఒక్కసారి సుత ఇసుక్కోలే.

ఇయ్యాల పొద్దుగాల మట్టి దిబ్బ కాడికి తీస్కపోయినం. నువ్వు నడిపినప్పుడు లారీ ఎన్నడు సగం దాటని దిబ్బ. లారీ ఆగకుంట పైకెక్కింది, దిగింది, మళ్ల ఎక్కింది. బొగ్గు బాయి డ్యూటీ దిగి వస్తున్న నీ దోస్తులు నిలబడి చూసిండ్రు.

"మావోడు ఎంత మంచిగ చేసి పోయిండు!" అన్నడు ఒకాయన.

లత లారీ మీద నుంచి చూపు తియ్యలే. "బండి మా ఆయనదే అన్నా. కోసి పెద్ద బ్యాటరీ పెట్టింది మాత్రం నేను" అన్నది.

నువ్వు పోయినంక ఆమె గొంతు అంత గట్టిగ ఇనుడు నాకు గదే మొదలు.

నీ అక్క