దొరకకూడని చెవికమ్మ

తార్నాక, నవంబర్ 1995, ఆదివారం రాత్రి

ఈ రెండు గదుల పోర్షన్‌లో పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు నన్ను పిలుస్తూనే ఉంటారు. అందుకే అక్కకు లైబ్రరీకని చెప్పి, యూనివర్సిటీ క్యాంపస్ వెనక అడవిలోకి ఒక్కదాన్నే నడిచాను. సీతాఫలం పొదలు, బండలు, ఎక్కడో నెమలి అరుపు. నన్ను పిలిచేవాళ్ళే లేరు. ఎంత హాయిగా ఉందో!

అంతలో మేకలు కాసే ముసలమ్మ ఎదురొచ్చింది. "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, ఒక్కదానివే తిరుగుతున్నవ్?" అంది.

ఊరికే నడుస్తున్నానని చెప్పొచ్చు కదా! కానీ ఆడపిల్ల ఒక్కతే ఊరికే తిరుగుతోందంటే ఏమనుకుంటుందో అనిపించింది. "చెవికమ్మ పడిపోయిందవ్వా" అనేసి, చున్నీ చాటున కమ్మ ఒకటి తీసి గుప్పిట్లో దాచాను. పాపం, ఆమె మేకల్ని వదిలేసి కర్రతో ఆకులన్నీ కదిలించింది. నేనూ వంగి వెతకాల్సి వచ్చింది. నా నడక అక్కడితో సరి. చీకటి పడుతుంటే, "రేపు రా, మల్ల దేవులాడుదం" అంది.

మళ్ళీ రావడానికి సాకు దొరికిందని సంబరపడి, కమ్మ పెట్టుకోకుండానే ఇంటికొచ్చాను. అక్క నా బోసి చెవి చూడనే చూసింది. క్యాంపస్‌లో పడిపోయిందని, రేపు వెళ్ళి వెతుకుతానని చెప్పాను.

"ఒక్కదానివే ఎందుకు? మీ బావ లీవ్ పెడతడు. అందరం పోయి దేవులాడుదం."

కమ్మ ఇప్పుడు నా దిండు కింద ఉంది. దొరికిందంటే మళ్ళీ అటు వెళ్ళే పనే ఉండదు. దొరకలేదంటే ఒక్కదాన్నే వెళ్ళనివ్వరు...