కొలవకుండా చేసిన కుర్చీ

ప్రియమైన చెల్లాయికి,

నువ్వు నడుం పట్టేసి మంచాన పడి పన్నెండు రోజులైందని బావ రాశాడు. ఎడమ కాలు పాదం దాకా తిమ్మిరెక్కుతోందట. ఆరు వారాల్లో తగ్గకపోతే నడుం కోసి ఆపరేషన్ చేయాల్సిందేనన్నదట డాక్టరమ్మ. ఈ మాట నువ్వు రాయలేదేం? ఫోన్లో నా చెవికి సగం మాటలే అందుతాయి, ఒప్పుకుంటాను. కాగితానికేమొచ్చింది?

మా కొట్టంలో కూర్చుని చేసే పనే లేదు. రంపం లాగాలన్నా, చిత్రిక పట్టాలన్నా నిలబడాల్సిందే. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, మోకాళ్లు సణుగుతాయి గానీ నడుం నోరెత్తదు. ఒకసారి ఓ గుమాస్తా బీరువా చేయించుకోవడానికి వచ్చి, నేను కొలతలు రాసుకునేలోగా మూడుచోట్ల కూర్చున్నాడు. మూడోది జిగురు డబ్బా. ఆయన లేస్తే డబ్బా కూడా లేచింది. సరే, అది వేరే కథ.

నువ్వు రోజుకి పది గంటలు కంప్యూటరు ముందు కూర్చుని పుస్తకాల్లో తప్పులు దిద్దేది నేను చేసిన కుర్చీలోనే కదా. అందులో కూర్చుంటే నీ పాదాలు నేలకి ఆనుతున్నాయా? నిజం రాయి.

నీ
అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

నీ కుర్చీ భేషుగ్గా ఉంది. దాని జోలికి వెళ్లకు. తప్పంతా నాదే. "గంటకోసారి లేస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ. లేస్తానన్నాను. మీ బావ పక్కనే ఉన్నాడుగా, "కరెంటు పోతే లేస్తుందండీ" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మెడ ముందుకు సాచి, వీపు వంచి గంటలకొద్దీ కదలకుండా ఉంటే నడుం మీదే భారమంతా పడుతుందట. మంచినీళ్లు, ఫోను, నిఘంటువు, అన్నీ చేతికందేలా పెట్టుకున్నానని నేను మురిసిపోయేదాన్ని. ఆవిడ వాటన్నిటినీ పక్కగదిలో పెట్టమంది.

వదినని అడిగానని చెప్పు.

నీ
చెల్లాయి


ప్రియమైన చెల్లాయికి,

అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. కాబట్టి నేనే ఒప్పేసుకుంటాను.

కుర్చీ చేసేముందు మనిషిని కూర్చోబెట్టి, మోకాలి మడత నుంచి మడమ దాకా కొలవడం మా పనిలో మొదటి మెట్టు. ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా కొలిచాను. నిన్ను కొలవలేదు. నువ్వు "టేపు తేనా?" అంటే "నా చెల్లెలి కాలెంతో నాకు తెలియదా!" అన్నాను. నువ్వు ప్రేమనుకున్నావు. అప్పటికే నా కళ్లలో శుక్లాలు ముదిరాయమ్మా. టేపు మీద గీతలు అలుక్కుపోయేవి. నీ ముందు తడబడితే గుట్టు బయటపడుతుందని కంటికొలతతో కానిచ్చేశాను. చూపు తగ్గిన వడ్రంగికి పనెవరిస్తారు? మీ వదినకి కూడా చెప్పలేదు.

కళ్ల ఆపరేషనయ్యాక ఆ కుర్చీ కాళ్ల కొలతకి వాడిన అచ్చుచెక్క తీసి టేపు పెట్టి చూశాను. ఆరడుగుల మనిషికి సరిపోయే ఎత్తు. అప్పుడైనా పరిగెత్తుకు రావద్దూ? ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. నీ నడుం విరిచింది నేనే.

ఆదివారం రంపం తీసుకుని వస్తున్నాను. కాళ్లు కోసేస్తాను. కుర్చీవి.

మొహం చెల్లని
అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

రంపం తేకు. కోయడానికి ఇక్కడ కుర్చీ లేదు.

అందులో నేను కూర్చున్నది పదకొండు రోజులు. కాళ్లు గాల్లో వేలాడేవి. నీ చేతి సామాను ఒక్కటీ వెనక్కి రాలేదని ఊరంతా చెప్పుకుంటావే, మొదటిది నేను పంపనా? నోరు రాలేదు. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడుంది. మా గుమ్మంలోకి తల వంచుకుని వస్తుంది, అంత పొడగరి. ఆవిడకిచ్చేశాను. "ఎవరు చేశారోగానీ నన్ను చూసి చేసినట్టుందమ్మా" అంటుంది. నేనేమో మెత్తటి సోఫాలో కాళ్లు మడిచి, ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని, కొక్కెంలా వంగి రెండేళ్లు గడిపాను. ఇది విరిగిన నడుం కాదన్నయ్యా, నేను చేజేతులా వంచుకున్నది.

ఇంకా ఉంది. నువ్వు వస్తున్నావంటే ఆవిడ దగ్గర్నుంచి ఆ కుర్చీ ఒక పూటకి తెచ్చి నా బల్ల ముందు పెట్టేదాన్ని. మోసేది మీ బావ. ఆయన నోరు కట్టేసింది నేను. మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు దాని చేతులు నిమిరి, "బాగా నునుపెక్కింది, వాడుతున్నావన్నమాట" అన్నావు. అవునని తలూపాను. నిజం రాయమని నువ్వు అడిగితే కూడా, మొన్న "భేషుగ్గా ఉంది" అనే రాశాను చూడు.

డాక్టరమ్మ నిన్న మళ్లీ చూసింది. తిమ్మిరి పాదం వదిలింది, ఇక పిక్కలోనే ఉంది. కోత అక్కర్లేదట. కూర్చోవడం తగ్గించి రోజూ నడవమంది. వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, మూడుసార్లు గోడ పట్టుకుని.

తిట్టడానికైనా ఆదివారం రా. తలుపు నేనే తీస్తాను. ఆలస్యమైతే మళ్లీ బెల్లు కొట్టకు, నడిచి వస్తున్నాననుకో.

నీ
చెల్లాయి