నాన్న ఓడ చరిత్రలో చివరి వాక్యం

సోమవారం రాత్రి, బ్లాక్‌టౌన్, సిడ్నీ

నాన్న పనిచేసే జపాన్ ఓడ ఇవాళ సిడ్నీ వదిలి వెళ్లింది. ఇక రాదు. ఈ యాత్ర ముగియగానే తుక్కుకు అమ్మేస్తారట.

నాన్నతో పాటు ఓడ లాండ్రీలో అందరూ మన విశాఖవాళ్లే. ఓడకు వీడ్కోలు చెప్పే రోజు వాళ్లంతా దాని మీదే చదువుకోవడానికి ఓడ చరిత్ర తెలుగులో రాసిపెట్టమని నాన్న అడిగాడు. నాగసాకిలో పుట్టుక, ప్రపంచయాత్రలు, తుఫానులో చిక్కి బయటపడడం, అన్నీ రాశాను. కొత్త ఓడను తొలిసారి నీళ్లలోకి దించడానికి ‘జలప్రవేశం’ అనే మాట దొరికిన రోజు ఎంత పొంగిపోయానో. చివర్లో ‘త్వరలో ఈ ఓడను ముక్కలు చేస్తారు’ అని ముగించాను.

రేవులో నాన్న అంతా చదివాడు.

“బాగా రాసేవు. ఆఖరి ముక్క మాత్రం కొట్టేస్తానమ్మా.”

“నిజమే కదా నాన్నా?”

“ఓడ మీద నిలబడి దాని చావు చదవకూడదు. మమ్మల్నింకా ఒడ్డుకు చేర్చాలి కదా అది.”

“తర్వాత నీకు వేరే ఓడ దొరుకుతుందా?”

“ఈ వయసులో నన్నెవరు ఎక్కించుకుంటారు? తుక్కు కింద కూడా తీసుకోరు,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చదువుకు ఇక్కడికి వచ్చాక నాన్నను చూసింది ఏడాదికోసారి, ఈ ఓడ వచ్చినప్పుడే.

బయలుదేరేటప్పుడు జపాన్ అలవాటు ప్రకారం పైనుంచి రంగు కాగితపు రిబ్బన్లు విసిరారు. తెగేదాకా వదలకూడదట. నాన్న విసిరిన పచ్చ రిబ్బన్ కొస గట్టిగా పట్టుకున్నాను. అది కాసేపటికే తెగిపోయింది.

ఇంటికొచ్చి నా ప్రతిలోనూ ఆ వాక్యం కొట్టేశాను. ఇప్పుడు చరిత్ర ‘సిడ్నీ నుంచి బయలుదేరింది’ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత రాయడానికి ఒక్క మాటా దొరకడం లేదు.