బొంతలావిడ పాటలు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ నాన్నా బాగున్నారని, నాన్న మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఉత్తరం చదివిపెడుతున్న కాంపౌండర్ మామయ్యకు కూడా నమస్కారాలు. మామయ్యా, పోయినసారి అమ్మ చెప్పింది రాస్తూ మధ్యలో నీ సలహాలు కలిపావు. "జలుబుకి ఆవిరి పట్టు" అన్నది అమ్మ మాట కాదని నాకు తెలుసు. ఈసారి ఉన్నదున్నట్టు చదువు.

"పాత రికార్డులు తుడవడానికి అంత చదువెందుకే?" అని అడిగావు. తుడవడం ఒక్కటే కాదమ్మా. ఈ రేడియో స్టేషన్‌లో ఒక్కో రికార్డూ విని, ఎవరు పాడారో, ఏం వాయించారో కార్డు మీద రాయాలి. వేళకు తింటున్నావా అన్నావు. పది రోజులుగా వేళకు తినడం లేదు. ఎందుకో చెబుతాను.

ఎవరో ఇచ్చిన పాత పెట్టెలో నీ రికార్డు దొరికింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు రికార్డింగాయన వచ్చి, నువ్వు బొంతలు కుడుతూ కట్టుకున్న పాటలన్నీ పట్టుకుపోయాడే, అదే. పేరడిగితే "నా పేరెవడిక్కావాలి?" అన్నావు కదా, లేబుల్ మీద 'బొంతలావిడ పాటలు' అనే ఉంది. అప్పుడు పదకొండు మంది కొన్నారు. మిగిలినవి నువ్వు పిండి డబ్బాలకు మూతలుగా పెట్టావు. ఇక్కడ మా ఆఫీసరుగారు విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇలాంటి గొంతు ఇన్నాళ్లూ ఎవరి చెవినా పడలేదంటే మన చెవులకే సిగ్గు!" అన్నారు. నాన్న గురక మీది పాట మూడుసార్లు వేయించుకున్నారు. నీ కత్తెర చప్పుడు విని, "ఇదేదో అంతరించిపోయిన తాళవాద్యం" అని తేల్చి కార్డు మీద నా చేతే రాయించారు.

తర్వాత రెండో వైపు తిప్పారు. రెండో తరగతి రెండుసార్లు తప్పి, బడికి పోనని గుంజ పట్టుకుని వేలాడిన పిల్ల పాట. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. "ఆ మొద్దు పిల్ల ఇప్పుడెక్కడుందో పాపం!" అంది టైపిస్టు అక్కయ్య. నేను తల వంచుకుని కార్డులు సర్దుకున్నాను.

మామయ్యా, ఇక్కడ తలుపు దగ్గరగా వేసి చదువు.

"ఈవిడ ఎక్కడుంటుందో కనుక్కో, వెళ్లి కలుద్దాం" అన్నారు ఆఫీసరుగారు. మర్నాడు, "కనుక్కున్నానండీ, చనిపోయారట" అన్నాను.

తిట్టమ్మా. ఆ మొద్దు నేనేనని తెలుస్తుందన్న భయం ఒక్కటే కాదు. ఇక్కడ అందరూ మా అమ్మ టీచరు, మా అమ్మ నర్సు అంటుంటే, నువ్వు బొంతలు కుడతావన్న మాట నా నోట రాలేదు. ఆ బొంతల డబ్బుతోనే చదువుకుని, ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను.

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించాం. నేనూ నిలబడ్డాను. అక్కడితో ఆగలేదు. ఇరవయ్యో తేదీ ఆదివారం నాలుగింటికి నీకు సంస్మరణ సభ పెట్టారు. రేడియోలో వస్తుంది, మన వీధిలోనూ వింటారు. నీ గొంతు గుర్తుపట్టి అత్తయ్య ఏడుస్తూ పరుగెత్తుకొస్తుంది. తలుపు నువ్వే తీస్తావు. ఆవిడకసలే గుండె దడ.

నిన్న ధైర్యం చేసి ఆఫీసరుగారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఆవిడ బతికే ఉంది. మా అమ్మే."

"ఆరు పేజీల ప్రసంగం రాసుకున్నాక చెబుతున్నావా?"

"ఆ తాళవాద్యం కత్తెరండీ."

"పరాచికాలా?"

"ఆ మొద్దు పిల్ల నేనేనండీ."

ఆయన కళ్లజోడు తీసి నావైపు జాలిగా చూశారు. "చూడమ్మాయ్, గొప్పవాళ్లు పోయాక చుట్టాలమంటూ బయల్దేరేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నువ్వు కూడానా? సభ అయిపోనీ, నీ ఉద్యోగం సంగతి తేలుస్తాను."

కాబట్టి అమ్మా, నువ్వు బతికున్నావని నేను చెబితే నమ్మే నాథుడు లేడు. నువ్వే రావాలి. ఆదివారం పొద్దున మొదటి బస్సు ఎక్కితే పన్నెండుకల్లా దిగుతావు. బస్టాండులో ఉంటాను. నీ ఫోటో దొరకలేదని వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ వేసి పూలు పెడతారట. ఆ పూలు పక్కకు జరిపి కూర్చో. "ఎవరమ్మా ఈవిడ?" అని జనం లేస్తారు. ఈసారి మైకు ముందుకు నేనే వెళ్లి చెబుతాను.

ఇట్లు,
ఎన్ని తిట్లకైనా సిద్ధపడిన
నీ కూతురు