బిళ్ళలు కరిగించిన మాత్ర

బావా, ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు, అందుకే రాస్తా ఉండాను. జననిని తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి తీసుకోని పోతా ఉండాను. పొయ్యి మీద చారు ఉండాది. తినే ముందు ఆర్.కె.పేట మందులషాపుకు పోయి, నువ్వు బిడ్డకు తెచ్చిచ్చిన మాత్ర పేరేందో కనుక్కోని నాకు చెప్పు. ఒక్కసారిగా ఆపితే అదొక ముప్పంట, అందుకే డాక్టరమ్మ పేరు అడుగుతా ఉండాది.

నిన్న జ్వరానికి చూపిస్తే ఆమె చెప్పింది, అది స్టెరాయిడ్ అయ్యుంటుందంట. మెడలో గడ్డల్లా వాచిన బిళ్ళలు కరిగింది రోగం పోయి కాదంట. రోగంతో పోట్లాడే తెల్లకణాలు ఆ బిళ్ళల్లోనే ఉంటాయి, మాత్ర వాటినే చంపేసిందంట. ఇప్పుడు బిళ్ళలోంచి ముక్క తీసి పరీక్ష చేసినా ఏ రోగమో సరిగ్గా తెలియకపోవచ్చంట. బిడ్డ ముఖం నిండితే ఒళ్ళు చేసిందని వీధంతా చెప్పుకున్నావే, అది కూడా మాత్ర తెచ్చిన వాపే. బిళ్ళలు లేచిన పొద్దే డాక్టరు దగ్గరికి పోదామని నేనేడిస్తే, "నీకు అన్నిటికీ భయమే" అన్నావు.

నివేద

జనని ఇప్పుడే చెప్పులేసుకుంటా, "నాయన మాత్రతోనే తగ్గిపాయె కదమ్మా, మళ్ళా ఆసుపత్రి ఎందుకు?" అని అడిగింది. నువ్వొచ్చి చెప్పు.